అర్హత వచ్చింది, సీటు ఏదీ?

ఏటా నీట్ ఫలితాలు వెలువడిన మరునాటి నుంచీ ఖమ్మం జిల్లా పల్లెల్లో ఒక మాట వినిపిస్తుంటుంది: "మావాడు క్వాలిఫై అయ్యాడు." ఇరుగుపొరుగు వచ్చి అభినందిస్తారు. బంధువులు ఫోన్లు చేస్తారు. కొన్ని ఊళ్లలో ఫ్లెక్సీలు కూడా కడతారు. రెండు నెలలు గడిచేసరికి ఆ సందడి ఏమీ ఉండదు. కౌన్సెలింగ్ మొదటి విడత ముగిసింది, రెండో విడతా ముగిసింది, పిల్లవాడి పేరు ఏ జాబితాలోనూ లేదు. అర్హత వచ్చిందన్నారు గదా, సీటెందుకు రాలేదని తండ్రి అడిగితే జవాబు చెప్పగలవారు ఊళ్లో కనబడరు. చెబుతామంటూ వెతుక్కుంటూ వచ్చేవారు మాత్రం ఉన్నారు. వారి చేతుల్లో రంగురంగుల కరపత్రాలుంటాయి, విదేశీ విశ్వవిద్యాలయాల ఫొటోలుంటాయి, అడ్వాన్సు రసీదు పుస్తకం కూడా ఉంటుంది.

ఈ వ్యవహారంలో మన రైతు కుటుంబాలు నష్టపోతున్నది చదువు రాక కాదు, లెక్క తెలియక. అందువల్ల ముందు లెక్క చూడవలసి ఉంది.

2025లో దేశం మొత్తం మీద 22 లక్షల మందికి పైగా నీట్ రాశారు. వారిలో 12 లక్షల 36 వేల మంది అర్హులని ప్రకటించారు. దేశంలోని ప్రభుత్వ, ప్రైవేటు వైద్య కళాశాలలన్నింటిలో కలిపి ఎం.బి.బి.ఎస్. సీట్లు లక్షా ఇరవై వేల పైచిలుకు. అంటే ఒక్కో సీటుకు పదిమంది అర్హులు. మన రాష్ట్రం సంగతి చూస్తే, ఆ ఏడు తెలంగాణ నుంచి రమారమి 70 వేల మంది పరీక్ష రాయగా 41 వేల పైచిలుకు అర్హత పొందారు. రాష్ట్రంలో ఉన్న ఎం.బి.బి.ఎస్. సీట్లు సుమారు తొమ్మిది వేలు. వాటిలో ప్రభుత్వ కళాశాలల సీట్లు దాదాపు సగమే. మిగిలిన సగంలో మళ్లీ సగం మేనేజ్‌మెంట్, ఎన్.ఆర్.ఐ. కోటాల కింద పోతాయి. పేద, మధ్యతరగతి కుటుంబం భరించగల ఫీజుకు దొరికే సీట్లు ఎన్నో దీన్నిబట్టి ఎవరికివారే అంచనా వేసుకోవచ్చు.

అర్హత మార్కు అన్నది అసలు ఏమిటో కూడా చాలామందికి తెలియదు. పరీక్ష 720 మార్కులకు. జనరల్ అభ్యర్థులకు 50 పర్సంటైల్, బి.సి., ఎస్.సి., ఎస్.టి. అభ్యర్థులకు 40 పర్సంటైల్ వస్తే అర్హులు. పర్సంటైల్ అంటే నూటికి ఇన్ని మార్కులని కాదు. రాసినవారిని మార్కుల ప్రకారం వరుసగా నిలబెడితే మన వెనుక నూటికి ఎంతమంది ఉన్నారన్నదే పర్సంటైల్. సగం మంది వెనుక ఉంటే 50 పర్సంటైల్. 2025లో ఆ గీత జనరల్ వారికి 144 మార్కుల దగ్గర, రిజర్వేషన్ వర్గాల వారికి 113 మార్కుల దగ్గర పడింది. 720కి 144 అంటే అయిదో వంతు. ఇంత తక్కువ మార్కులకు ప్రభుత్వ కళాశాలలో చేరగలమనుకోవడం ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అన్న చందమే. కౌన్సెలింగ్‌కు దరఖాస్తు పెట్టుకోవచ్చు అని చెప్పడం వరకే ఆ గీత పని.

మరి ఆ గీతను అంత కింద ఎందుకు గీశారు? ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. కింది గీత వల్ల నేరుగా లబ్ధి పొందుతున్నది పేదవాడు కాదు. పై ర్యాంకు వచ్చిన పేదవాడు ఫీజు చూసి వెనక్కు తగ్గిన చోట, కింది ర్యాంకు వచ్చిన డబ్బున్నవాడు ముందుకు వెళతాడు. గీత ఎంత కిందికి దిగితే ఖరీదైన సీట్లు అంత సులువుగా నిండుతాయి. 2023లో పోస్టుగ్రాడ్యుయేట్ వైద్య ప్రవేశాలకు అర్హతను ఏకంగా సున్నా పర్సంటైల్‌కు దించారు. పరీక్ష రాసిన ప్రతివాడూ అర్హుడే అన్నమాట! ప్రతిభ కోసమే పరీక్ష అని చెప్పే ప్రభుత్వాలు సీట్లు మిగిలిపోతాయనగానే ప్రతిభ మాట పక్కన పెట్టడం ఆక్షేపణీయం.

తల్లిదండ్రులు గమనించవలసిన మరో సంగతి, మార్కును చూసి ఆనందించడం గాని దిగులుపడడం గాని తొందరపాటవుతుంది. 2024 ఫలితాలు మొదట ప్రకటించినప్పుడు 67 మందికి 720కి 720 మార్కులు వచ్చాయి. మరుసటి ఏడు దేశంలో ప్రథముడికి వచ్చినవే 686. ప్రశ్నపత్రం కఠినంగా ఉంటే అందరి మార్కులూ తగ్గుతాయి, తేలికగా ఉంటే అందరివీ పెరుగుతాయి. పక్కింటి అమ్మాయికి 2024లో ఇన్ని మార్కులకు సీటు రాలేదు కాబట్టి మనకూ రాదని 2025లో అనుకున్నవారు పొరబడ్డారు. చూడవలసింది ర్యాంకు. అందులోనూ అఖిల భారత ర్యాంకు ఒక్కటి చూస్తే చాలదు. వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం రాష్ట్ర అభ్యర్థుల జాబితా ప్రకటిస్తుంది. అందులో మనం ఎక్కడున్నాం, మన కేటగిరీలో మనకంటే ముందు ఎంతమంది ఉన్నారు అన్నదే అసలు లెక్క.

తక్కువ మార్కులు అన్న మాటకు అర్థం కూడా మనిషిని బట్టి మారుతుంది. ఒక ఓ.సి. కుర్రవాడికి ఆశ లేని ర్యాంకు, కారేపల్లి వైపు తండా నుంచి వచ్చిన గిరిజన బాలికకు ప్రభుత్వ కళాశాలలో సీటు తెచ్చిపెట్టవచ్చు. రాష్ట్రంలో గిరిజనుల రిజర్వేషన్ 2022లో పది శాతమైంది. ఎస్.సి. రిజర్వేషన్‌ను 2025 ఏప్రిల్‌లో మూడు గ్రూపులుగా విభజించారు. బి.సి.లలో అయిదు గ్రూపులున్నాయి. ఆర్థికంగా వెనుకబడిన ఓ.సి.లకు వేరే పది శాతం ఉంది. బాలికలకు ప్రతి వర్గంలోనూ మూడో వంతు కేటాయింపు ఉంది. ఇవన్నీ చూసుకోకుండా "ఈ మార్కులకు మనకెక్కడొస్తుందిలే" అని దరఖాస్తే పెట్టకుండా ఊరుకునే కుటుంబాలు ఉన్నాయి. రాని సీటుకు లక్షలు పోగొట్టుకునేవారు ఒకవైపు, రావలసిన సీటుకు దరఖాస్తు పెట్టని వారు మరొకవైపు. ఈ రెండో నష్టం గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే దాని మీద ఎవరికీ కమీషను రాదు.

విశ్వవిద్యాలయం ప్రతి విడత కేటాయింపు జాబితాలను తన వెబ్‌సైటులో పెడుతుంది. ఏ కళాశాలలో, ఏ కేటగిరీలో, చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో అందులో కనిపిస్తుంది. గడిచిన రెండేళ్ల జాబితాలు తీసుకుని, ఖమ్మం, కొత్తగూడెం, మహబూబాబాద్ ప్రభుత్వ కళాశాలల్లో మన కేటగిరీకి చివరి సీటు ఎక్కడ ఆగిందో చూస్తే చాలు, సగం సందేహాలు తీరిపోతాయి. దీనికి కన్సల్టెన్సీ అక్కరలేదు. ఇంగ్లీషు అంకెలు చదవగలిగిన మనిషి, ఒక సెల్‌ఫోను, ఒక సాయంత్రం సరిపోతాయి.

మన జిల్లాకు ప్రత్యేకమైన సమస్య ఒకటుంది. మధిర, ఎర్రుపాలెం, సత్తుపల్లి ప్రాంతాల వారికి హైదరాబాద్ కంటే విజయవాడ దగ్గర. ఇంటర్మీడియట్ కోసం పిల్లలను రైలెక్కించి అక్కడి కార్పొరేట్ కళాశాలల్లో చేర్చడం ఏనాటి నుంచో అలవాటు. రాష్ట్రం ఒక్కటిగా ఉన్న రోజుల్లో దానివల్ల పెద్ద చిక్కు రాలేదు. ఇప్పుడు పరిస్థితి వేరు. తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ దాకా నాలుగేళ్లు రాష్ట్రంలో చదివినవారినే స్థానికులుగా పరిగణించాలని తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో నిబంధన తెచ్చింది. దాని మీద కోర్టుల్లో వాదాలు నడిచి, చివరకు 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఆ నిబంధనను సమర్థించింది. ఇతర రాష్ట్రాల్లో పనిచేసే ప్రభుత్వోద్యోగుల పిల్లల వంటి కొందరికి మినహాయింపులున్నాయి. మధిర మిర్చి రైతు కొడుకుకు అటువంటి మినహాయింపు ఏదీ లేదు. విజయవాడలో రెండేళ్లు చదివినంత మాత్రాన ఆంధ్రప్రదేశ్‌లో స్థానికత వస్తుందా అంటే, అక్కడా నాలుగేళ్ల లెక్కే. ఇటు సొంత రాష్ట్రానికీ కాక, అటు చదివిన రాష్ట్రానికీ కాక పిల్లవాడు మధ్యలో నిలిచిపోతాడు. పదో తరగతి పిల్లలున్న సరిహద్దు గ్రామాల తల్లిదండ్రులు నీట్ దాకా ఆగకుండా ఇప్పుడే ఆలోచించుకోవలసిన విషయమిది. కళాశాలల వారు ఇంటికి వచ్చి అడ్మిషన్లు పట్టేటప్పుడు ఈ సంగతి చెప్పరని వేరే చెప్పనక్కరలేదు.

ఇక దరఖాస్తు విషయం. నీట్ రాయడంతోనే అంతా అయిపోయిందనుకోవడం మరో పొరపాటు. ప్రభుత్వ కళాశాలల సీట్లలో 15 శాతం అఖిల భారత కోటాకు కేంద్ర కమిటీ దగ్గర వేరుగా నమోదు చేసుకోవాలి. రాష్ట్ర కన్వీనర్ కోటాకు కాళోజీ విశ్వవిద్యాలయం దగ్గర వేరుగా, మేనేజ్‌మెంట్ కోటాకు మళ్లీ వేరుగా చేసుకోవాలి. గడువులు రోజుల్లో ఉంటాయి, నెలల్లో కాదు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, స్టడీ సర్టిఫికెట్లు ఆ నాలుగు రోజుల్లో సంపాదించాలంటే మీసేవ దగ్గరా తహసీల్దారు కార్యాలయం దగ్గరా పడిగాపులు తప్పవు. పరీక్ష అయిన మే నెలలోనే ఈ కాగితాలు సిద్ధం చేసుకున్నవారికి ఆ బాధ లేదు. తొమ్మిది, పది ఒక ఊళ్లో, ఇంటర్ మరో ఊళ్లో చదివిన పిల్లల విషయంలో ఇది మరీ ముఖ్యం. మొదటి విడతలో పేరు లేనంత మాత్రాన ఆశ వదులుకోకూడదు. పైవారు అఖిల భారత కోటాలోకి పోయినకొద్దీ రాష్ట్రంలో సీట్లు కిందికి జరుగుతాయి. చివరి విడతలో, ఖాళీల విడతలో సీటు దక్కినవారు ప్రతి ఏటా ఉంటారు. వెబ్ ఆప్షన్లు ఇచ్చేటప్పుడు దగ్గర ఊరని రెండు కళాశాలలు మాత్రమే పెట్టి ఊరుకున్న పిల్లవాడు, ఆసిఫాబాద్‌లో రావలసిన సీటును తనంతట తానే వదులుకున్నట్టు.

దళారుల సంగతికి వద్దాం. "బి కేటగిరీ సీటు ఇప్పిస్తాం, యాజమాన్యం మా మనిషే" అని చెప్పేవారి మాట పచ్చి అబద్ధం. ప్రైవేటు కళాశాలల మేనేజ్‌మెంట్ సీట్లు కూడా నీట్ ర్యాంకు ప్రకారం విశ్వవిద్యాలయమే ఆన్‌లైన్ కౌన్సెలింగ్ ద్వారా కేటాయిస్తోంది. మధ్యవర్తి చేయగలిగింది ఏమీ లేదు. ర్యాంకును బట్టి ఎలాగూ వచ్చే సీటుకు కమీషను గుంజుకోవడం, రానివాడి దగ్గర అడ్వాన్సు ఎగవేయడం, ఇదే వారి వ్యాపారం. ఓ.ఎం.ఆర్. పత్రంలో మార్కులు పెంపిస్తామని ఫోన్లు చేసే ముఠాలు కూడా ఉన్నాయి. అటువంటి ఫోను వస్తే పోలీసులకు చెప్పాలి గాని బేరం ఆడకూడదు. క్యాపిటేషన్ ఫీజును ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1983లోనే చట్టం చేసి నిషేధించారు. చట్టం వచ్చి నలభై ఏళ్లు దాటినా, ఊరి రచ్చబండ దగ్గర డొనేషన్ రేట్లు చెప్పుకుంటూనే ఉన్నారంటే లోపం చట్టంలో లేదు.

డబ్బు పెట్టి బి కేటగిరీలో చేరడం చట్టబద్ధమే. చేర్చగలిగినవారిని తప్పుపట్టడం భావ్యం కాదు. కానీ లెక్క ముందే చూసుకోవాలి. తెలంగాణలో ప్రైవేటు కళాశాలల కన్వీనర్ సీటుకు 2024 నాటికి ఏడాది ఫీజు 60 వేలు కాగా, బి కేటగిరీ సీటుకు పదకొండున్నర లక్షలు, ఆపైన ఉంది. ఏడాదికి 12 లక్షలనుకున్నా అయిదేళ్లకు 60 లక్షలు. హాస్టలు, భోజనం, పుస్తకాలు వేరు. బ్యాంకు రుణం ఏడున్నర లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతుంది. ఆ తాకట్టు చాలనివారు ఊళ్లో వడ్డీకి తెస్తారు. నూటికి రెండు రూపాయల వడ్డీకి పది లక్షలు తెస్తే నెలకు వడ్డీయే ఇరవై వేలు, ఏడాదికి రెండు లక్షల నలభై వేలు. అసలు అలాగే ఉంటుంది. మూడెకరాల మిర్చి తోట, అదీ తామర పురుగు సోకని ఏడు, మార్కెట్లో ధర ఉన్న ఏడు, ఎంత మిగులుస్తుందో రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. పైగా ఎం.బి.బి.ఎస్. ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నర ఏళ్లు. ఆ తర్వాత పీజీ కోసం మళ్లీ నీట్. బాకీ తీరడం మొదలయ్యేసరికి తండ్రికి అరవై ఏళ్లు నిండుతాయి. రెండో బిడ్డ పెళ్లి, మూడో బిడ్డ చదువు ఈ లెక్కలో ఎక్కడా లేవు.

అంత స్తోమత లేదంటే విదేశమంటారు. ఫిలిప్పీన్స్, జార్జియా, కిర్గిజ్‌స్తాన్, కజకిస్తాన్, రష్యా పేర్లు ఇప్పుడు మన పల్లెలకు కొత్త కాదు. మొత్తం కోర్సు పాతిక ముప్పై లక్షల్లో అయిపోతుందని చెబుతారు. అక్కడ చదివి వచ్చి మంచి వైద్యులైనవారు ఉన్నారు, కాదనలేం. కానీ అక్కడికి వెళ్లాలన్నా నీట్ అర్హత ఉండాలని 2018 నుంచి నిబంధన. వెళ్లి వచ్చినవారు ఇక్కడ వైద్యం చేయాలంటే ఎఫ్.ఎం.జి.ఇ. పరీక్ష నెగ్గాలి. 300 ప్రశ్నలకు 150 రావాలి, తప్పుకు మార్కు కోత కూడా లేదు. అయినా 2024, 2025 సంవత్సరాల్లో జరిగిన విడతల్లో నెగ్గినవారు నూటికి ముప్పైకి మించలేదు, 2025 జూన్ విడతలో అయితే నూటికి 19 మందే. మిగిలిన 81 మంది తల్లిదండ్రుల పాతిక లక్షలు ఏమయ్యాయన్నది ఏ కరపత్రంలోనూ ఉండదు.

2021 నవంబరులో జాతీయ వైద్య కమిషన్ నిబంధనలను మరింత గట్టి చేసింది. కోర్సు కనీసం 54 నెలలుండాలి. బోధన ఇంగ్లీషులో జరగాలి. అక్కడే, అదే సంస్థలో ఏడాది ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ దేశంలో వైద్యం చేయడానికి లైసెన్సు పొందగల పట్టా అయి ఉండాలి. తిరిగివచ్చాక ఇక్కడ మరో ఏడాది ఇంటర్న్‌షిప్. ఈ షరతుల్లో ఒక్కటి తప్పినా ఇక్కడ వైద్యుడిగా నమోదు చేయరు. ఏజెంటును అడగవలసిన ప్రశ్నలు ఇవే. కాగితం మీద రాసి ఇమ్మని అడగాలి. నోటి మాటగా అవునన్నవాడు కాగితం అడిగేసరికి ఊరు మారుస్తాడు. 2020లో కరోనా వచ్చి చైనాలో చదివేవారు రెండేళ్ల పాటు తరగతి గది చూడలేదు. 2022లో ఉక్రెయిన్ యుద్ధంలో వేలాది భారతీయ విద్యార్థులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగివచ్చారు. వారిని తెచ్చిన విమానాల గురించి రాసినంతగా, ఆ తర్వాత వారి చదువు ఏమైందో పత్రికలు రాయలేదు.

మిగిలింది లాంగ్ టర్మ్. మరో ఏడాది కోచింగ్ తీసుకుని మళ్లీ రాయడం. వైద్య ప్రవేశానికి గరిష్ఠ వయోపరిమితిని 2022లో తీసేశారు. ఎన్నిసార్లయినా రాయవచ్చు. ఈ వెసులుబాటు కొందరికి వరమే గాని, కొందరి పాలిట ఊబి అయింది. ఏడాది పెట్టాలా వద్దా అన్నది మొత్తం మార్కు చూసి తేల్చకూడదు. పేపరు విడదీసి చూడాలి. 720లో జీవశాస్త్రానికే 360. భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చెరి 180. జీవశాస్త్రంలో 270, 280 తెచ్చుకుని భౌతికశాస్త్రంలో పాతిక దగ్గర ఆగిపోయిన పిల్లవాడికి ఏడాది కష్టం ఫలిస్తుందని నమ్మవచ్చు, ఎందుకంటే లోపం ఎక్కడుందో తెలిసింది. మూడు సబ్జెక్టుల్లోనూ అంతంతమాత్రంగా ఉన్నవాడు హాస్టలు గదిలో మరో ఏడాది కూర్చున్నంత మాత్రాన తేడా రాదు. తప్పు జవాబుకు ఒక మార్కు కోత ఉండగా, తెలియని ప్రశ్నలన్నింటికీ గుడ్డిగా గీతలు దిద్ది మార్కులు పోగొట్టుకున్నవారి సంగతి వేరు. వారికి కావలసింది ఏడాది కాదు, నాలుగు మంచి మాటలు. ఒక ఏడాది సరే. రెండో ఏడాదికి ముందు పిల్లవాడిని విడిగా కూర్చోబెట్టి అడగాలి. మూడో ఏడాది అంటున్నారంటే ఆ మాట పిల్లవాడిదో, కోచింగ్ సెంటరుదో చూసుకోవాలి.

తెలుగు మాధ్యమంలో చదివినవారికి ఒక మాట. నీట్ పరీక్షను తెలుగులోనూ రాయవచ్చు. దరఖాస్తులోనే ఆ భాష ఎంచుకోవాలి, తర్వాత మార్చడానికి వీలుండదు. రాసేవారు చాలా తక్కువ, కోచింగ్ అంతా ఇంగ్లీషులోనే కావడం అందుకు కారణం. తెలుగులో ప్రశ్నపత్రం ఇచ్చి, తెలుగులో పాఠం చెప్పే ఏర్పాటు చేయకపోవడం ఎటువంటి న్యాయమో పాలకులే చెప్పాలి.

ఎం.బి.బి.ఎస్. రాకపోతే బతుకే లేదన్న భావన ఊళ్లలో ఎందుకు పాతుకుపోయిందో అర్థం చేసుకోవచ్చు. పాము కరిస్తే ఆర్.ఎం.పి. దగ్గరకు పరుగెత్తి, అక్కడినుంచి ఆటోలో పెద్దాసుపత్రికి తీసుకువెళ్లేలోగా మనిషిని పోగొట్టుకున్న కుటుంబానికి తెల్లకోటు విలువ ఏమిటో తెలుసు. ఆ కోరిక తప్పు కాదు. అయితే అదే నీట్ అర్హతతో దంతవైద్యం, ఆయుర్వేదం, హోమియో, యునాని, ప్రకృతి వైద్యం కోర్సుల్లో చేరవచ్చు. ఈఏపీసెట్ ర్యాంకుతో వ్యవసాయం, ఫార్మసీ ఉన్నాయి. పశువైద్యం ఉంది. దానికి ఏ ర్యాంకు అడుగుతున్నారో ఆ ఏటి ప్రకటనలో చూసుకోవాలి. గేదెకు జబ్బు చేస్తే డాక్టరు దొరకని మండలాలు మన జిల్లాలో లేవా? నర్సింగ్ చదివిన అమ్మాయిలు జిల్లా ఆసుపత్రి నుంచి గల్ఫ్ దాకా పనిచేస్తున్నారు. ఇవన్నీ ఓడిపోయినవారి చదువులన్నట్టు మాట్లాడడం మానాలి. బంధువుల ముందు చెప్పుకోవడానికి బాగుండదన్న కారణంతో పిల్లవాడిని మూడేళ్లు కోచింగ్‌లో కూర్చోబెట్టిన ఇళ్లు అనేకం.

పిల్లల మాట కూడా వినవలసి ఉంది. ఎనిమిదో తరగతిలో "డాక్టరమ్మా" అని ఊరంతా పిలిచిన అమ్మాయి, పదిహేడేళ్లకు ఫలితం చూసుకుని గది తలుపు వేసుకుంటే ఆ ఇంట్లో మొదట వినబడవలసిన మాట "అన్నం తిన్నావా" అన్నది. ఖర్చుపెట్టిన డబ్బు లెక్క ఆ రోజు ఎత్తకూడదు. తమిళనాడులో ఇంటర్ స్థాయి పరీక్షలో 1200కు 1176 మార్కులు తెచ్చుకున్న అనిత అనే దళిత బాలిక నీట్‌లో వెనుకబడి, సుప్రీంకోర్టు దాకా పోరాడి, 2017 సెప్టెంబరు 1న ప్రాణం తీసుకుంది. ఆ తర్వాత 2020లో తమిళనాడు ప్రభుత్వం, ప్రభుత్వ పాఠశాలల్లో చదివి నీట్ అర్హత పొందినవారికి వైద్య సీట్లలో 7.5 శాతం ప్రత్యేకంగా కేటాయించింది. కూలివారి పిల్లలు ఆ కేటాయింపుతో వైద్య కళాశాలల్లో అడుగుపెట్టారు. మన రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ గురుకులాలు గౌలిదొడ్డి వంటి చోట్ల నీట్ శిక్షణ ఇచ్చి మంచి ఫలితాలే చూపాయి. కానీ గురుకులంలో చోటు దొరకని జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల పిల్లవాడి సంగతి ఏమిటి? జిల్లాకో వైద్య కళాశాల పెట్టామని చెప్పుకుంటున్న ప్రభుత్వం, ఆ కళాశాలలో ఆ జిల్లా ప్రభుత్వ బడి నుంచి వచ్చినవారు ఎందరున్నారో కూడా చెప్పాలి. 7.5 శాతం కాకపోతే అయిదు శాతం, ఏదో ఒక కేటాయింపు గురించి మన జిల్లా శాసనసభ్యులు అసెంబ్లీలో అడగడానికి అడ్డేమిటి?

ఆ పెద్ద పని జరిగేలోగా జిల్లా యంత్రాంగం తన చేతిలో ఉన్న చిన్న పని చేయవచ్చు. ఖమ్మంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. కిందటేడో మొన్నటేడో కౌన్సెలింగ్‌లో కూర్చుని, ఆప్షన్లు పెట్టుకుని, సీటు తెచ్చుకున్న విద్యార్థులు వందల సంఖ్యలో అక్కడే ఉన్నారు. వారికంటే బాగా ఈ దారి తెలిసినవారు లేరు. నీట్ ఫలితాలు వచ్చిన వారం నుంచి చివరి విడత ముగిసేదాకా ఖమ్మం, మధిర, సత్తుపల్లి ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ఒక్కో గది తెరిచి, ఒక అధ్యాపకుడిని, ఇద్దరు వైద్య విద్యార్థులను, ఒక కంప్యూటరును అక్కడ పెట్టడానికి కోట్లు కావాలా? గడచిన రెండేళ్ల కేటాయింపు జాబితాలు అచ్చువేసి గోడకు అంటించాలి. విదేశీ చదువుల నిబంధనలు తెలుగులో రాసి పెట్టాలి. ధ్రువీకరణ పత్రాల కోసం వచ్చిన నీట్ అభ్యర్థుల దరఖాస్తులను తహసీల్దార్లు విడిగా తీసుకుని రెండు రోజుల్లో తేల్చాలని కలెక్టరు ఉత్తర్వు ఇవ్వాలి. జిల్లాలో ఆఫీసు తెరిచిన ప్రతి కన్సల్టెన్సీ తన పేరు, చిరునామా, వసూలు చేసే రుసుము, ఇప్పటిదాకా పంపిన విద్యార్థుల్లో ఎఫ్.ఎం.జి.ఇ. నెగ్గినవారి సంఖ్య ఆ గదిలో దాఖలు చేయాలని నోటీసు ఇస్తే, ఎందరు దాఖలు చేస్తారో, ఎందరు బోర్డు పీకుతారో చూడవచ్చు. ఉత్తర్వు ఫలితాల తర్వాత వస్తే ప్రయోజనం లేదు. అడ్వాన్సులు తీసుకునేవారు ఫలితాల ముందు నుంచే ఊళ్లలో తిరుగుతున్నారు.